రంగు గీకిన చోటు

నాగలింగస్వామి సన్యాసం పుచ్చుకోకముందు కరెంటాఫీసులో లైన్‌మన్. అందుకే పత్తికొండ దగ్గరి ఆయన ఆశ్రమంలో వేదాంతం అడిగినవాడికి జవాబుకు బదులు స్క్రూడ్రైవరు చేతికొచ్చేది. మోక్షం గురించి అడగబోయి ఫ్యూజు కట్టడం నేర్చుకుని వెళ్లినవాళ్లు మాలో చాలామందే ఉన్నాం. మోక్షం సంగతేమో గానీ, మా ఇళ్లల్లో దీపాలు మాత్రం ఆరవు.

మా ఊరి మద్దిలేటి వచ్చి అడిగిన రోజు మాత్రం మాకు నవ్వు రాలేదు. కొడుకు భీమలింగ ట్రాక్టరు తిరగబడి చనిపోయినప్పుడు ఈ మద్దిలేటి కన్ను తడి కాలేదు. పాడె తనే కట్టాడు. వచ్చినవాళ్లకు అన్నం తనే వడ్డించాడు. "మనిషి కాదప్పా, ఇనుము" అని ఊరు మెచ్చుకుంది. ఆ ఇనుముతో కాపురం ఎట్లా ఉందని అతని భార్య సుంకులమ్మను ఎవరూ అడగలేదు. పులుసులో ఉప్పు తగ్గితే అరుపు, పొరపాటున కొడుకు పేరెత్తితే కంచం ఎగిరి గోడకు. ఆవేళ ఆమె సంచి సర్దుకుని, అన్నతో పుట్టింటికి పోతూ, స్వామికి దణ్ణం పెట్టుకుందామని ఆగింది. గేటు దగ్గర ఆటో నిలబడి ఉంది. ఇక తిరిగి రానని అందరికీ చెప్పేసింది.

"సామీ, అంత దెబ్బకే నేను చెదర్లేదు. నేనేం జేసినానని ఈమె నన్ను జూస్తేనే వణుకుతాది? ఉండమని మీరన్నా చెప్పండి" అన్నాడు మద్దిలేటి.

స్వామి నోరు తెరిచేలోపే బోరు దగ్గర కెవ్వుమని కేక. దారికి సీసాలో నీళ్లు పట్టుకుందామని సుంకులమ్మ మోటరు స్విచ్చి ఉండే ఇనుప పెట్టె మీద చెయ్యేసి, షాకు కొట్టి వెనక్కి పడింది. మేమంతా పరిగెత్తాం. ఆమె మోచెయ్యి రుద్దుకుంటూ లేచి కూర్చుంది. "ఏం గాలేదులే సామీ. మా ఇంట్లో ఉండేదే గదా, అలవాటే."

ఆ పెట్టె మద్దిలేటి ఇచ్చిందే. ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు రాసే ఆశ్రమం మాది. ఫ్యాను తిరిగితే ఎవరి పేరూ కనబడదు, అది వేరే సంగతి. కేబులూ అతనే తెచ్చాడు. ఇనుప కవచం చుట్టిన కేబుళ్లలో ఒక రకానికి లోపలే ఎర్తుకని పచ్చతీగ ఒకటి వేరుగా ఉంటుంది. ఇంకో రకానికి అది ఉండదు, పైనున్న కవచమే ఆ పని చేయాలి. కవచం కొస పెట్టెను ఇనుముకు ఇనుము తగిలేలా పట్టుకుంటేనే, లోపల ఎక్కడైనా కరెంటు కారినా నేలలోకి దిగిపోతుంది. మద్దిలేటి తెచ్చింది ఈ రెండో రకం, లావుగా గట్టిగా కనబడిందని. పెట్టెకు మందంగా రంగు వేయించి "భీమలింగ జ్ఞాపకార్థం" అని రాయించాడు. కేబులు దిగే బెజ్జం సరిగ్గా ఆ పేరు దగ్గరే పడింది. రంగు అడ్డముంటే కవచం ఇనుముకు తగలదు, అక్కడ గీకాలని వైరింగు చేసినవాడు అంటే, "నా కొడుకు పేరు గీకుతావారా?" అని వాణ్ణి కొట్టబోయాడు. స్వామి అప్పుడు ఊళ్లో లేరు.

ఇప్పుడు స్వామి మెయిను ఆపి, కేబులు బిగింపు విప్పి, చాకు మద్దిలేటి చేతికిచ్చారు. "కవచం మంచిదే నాయనా. నేలతో మాటల్లేవు, అంతే."

మద్దిలేటి చాలాసేపు ఆ అక్షరాలనే చూశాడు. తర్వాత చాకు ఆనించాడు. "భీ" పోయింది. "మ" సగం పోయేసరికి చెయ్యి ఆగింది. ఆ తర్వాత అతని గొంతులోంచి వచ్చిన చప్పుడు మాలో ఎవరమూ అంతకుముందు ఏ మనిషి నోటా వినలేదు. రంగుపొట్టు పిడికిట్లో పట్టుకుని మట్టిలో చతికిలబడ్డాడు. స్వామి ఓదార్చలేదు. మిగిలిన "మ" తనే గీకి, బిగించి, మెయిను వేశారు. కారే కరెంటుకు నేలదారి దొరికి, ఫ్యూజు ఠప్పున ఎగిరిపోయింది. మళ్లీ మెయిను ఆపి పెట్టె తెరిస్తే, లోపల ఒక తీగ ఒరుసుకుని, తోలు లేచిపోయి, పెట్టెకు తగులుతూ ఉంది. ఎన్నాళ్లనుంచో. ఆ తీగ మార్చి, ఫ్యూజు కట్టి, మెయిను వేసి, పెట్టెకు టెస్టు లాంపు పెట్టి చూశారు. వెలగలేదు.

మద్దిలేటి లేచి రెండు చేతులూ పెట్టెకు ఆనించి, తడిమొహంతో భార్యవైపు తిరిగాడు. "సుంకీ, సూడు. ఏం గాదు. నువ్వూ ముట్టుకో."

సుంకులమ్మ దగ్గరికొచ్చింది. చెయ్యి చాచింది. పెట్టెకు జానెడు దూరంలో వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. మళ్లీ చాచింది, మళ్లీ ముడుచుకున్నాయి. మొగుడి మొహంకేసి ఒకసారి చూసి, సంచి ఎత్తుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా మద్దిలేటి పెట్టె మీద చేతులు తీయలేదు.

"అంతా బాగైంది గదా సామీ!" అన్నాడు మద్దిలేటి.

"పెట్టె బాగైంది నాయనా," అన్నారు స్వామి. "ఆ సంగతి ఆమె చేతికి ఎవురు చెప్పల్ల?"