పగడాలదీవి మలుపులమ్మ

పగడాలదీవి నగరానికి పడమటి కొసన, రేవువీధి ముగిసి కొండదారి మొదలయ్యే చోట మలుపులమ్మ తల్లి ఆలయం ఉంది. పడవ దిగిన యాత్రికులు రేవులోనే ట్రాం ఎక్కితే అది తిన్నగా అమ్మవారి ముంగిటికే చేరుస్తుంది. ఆలయం చాలా చిన్నది. గోపురం లేదు, ప్రాకారం లేదు. నాలుగు రాతిస్తంభాల మీద పెంకుల కప్పు, ఆ కప్పు కింద నేలలో నిటారుగా దిగబడిన ఒక ఇనుప గునపం. అదే అమ్మవారి మూలరూపం. ట్రాం పట్టాలు గుడి గడపను ఒరుసుకుంటూ పోతాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అర్చకురాలు రోజూ ఉదయం గునపానికి నువ్వులనూనె రాసి పొడిబట్టతో తుడుస్తుంది. ఇక్కడ కొబ్బరికాయ కొట్టరు. అమ్మవారికి పొడి చీర చుట్టి, వేడి గంజి నైవేద్యం పెడతారు. ఎందుకో ఈ కథ వింటే తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ట్రాం కూడా లేదు. ఓడల్లో వచ్చిన సరుకును కూలీలు నెత్తిన పెట్టుకుని, ఉప్పుటేరు మీది కర్రవంతెన దాటి, అంగడివీధికి మోసుకుపోయేవారు. తరువాత ఒక కంపెనీ వారు వచ్చి రేవు నుంచి అంగడి వరకు ఇనుప పట్టాలు వేసి, వాటి మీద ఎడ్లచేత బండ్లు లాగించారు. వానాకాలం తడి రాళ్ల మీద ఎడ్ల గిట్టలు జారి కాళ్లు విరిగేవి. ఎడ్లను మాన్పించి గుర్రాలను తెచ్చారు. దీవి ఉక్కపోతకు అవి నోట నురగ కక్కి పట్టాల మధ్యనే కూలిపోయేవి. చివరకు కొండ మీద కరెంటు యంత్రశాల కట్టి, వీధుల పొడవునా తీగలు లాగి, కరెంటు బండ్లు నడిపారు. దొరల బంగళాలు కొండ మీద ఉండేవి గనుక వారి కోసం రేవువీధి చివర నుంచి రెండో దారి చీల్చి కొండకు ఎక్కించారు. ఆ దారి మీద నగరంలోని సామాన్యులు ఎక్కేది తక్కువ. వారి పనులన్నీ అంగడిలోనే.

రెండు దారులు చీలే చోట పట్టాల మధ్య అటూ ఇటూ కదిలే ఇనుపనాలుక ఒకటి ఉండేది. వదిలేస్తే అది దానంతట అదే వంతెన వైపు వాలుతుంది. బండి కొండకు పోవాలంటే ఒక మనిషి గునపంతో ఆ నాలుకను పక్కకు నెట్టి, బండి పూర్తిగా దాటేవరకు బిగపట్టి నిలవాలి. ఆ పని గురువులు అనే అతను చేసేవాడు. అతను విషజ్వరంతో పోయాక, ఎండలో నిలబడే ఆ పనికి ఇంకెవరూ రానందున కంపెనీ వారు గునపాన్ని అతని భార్య దాలమ్మ చేతికిచ్చారు. దాలమ్మ అవతలి ఒడ్డున ఒక జాలరిపల్లెలో పుట్టి, పెళ్లయి దీవికి వచ్చిన మనిషి. ఒక్కతే కూతురు సీతాలు. ఈ పని చేస్తూనే ఆమెకు పెళ్లి చేసి, అల్లుడు ఓడ పనికి పోయాక పురిటికి తన పాకకే తెచ్చుకుంది. రోజూ వేలమంది దాలమ్మ ముందు నుంచి బండ్లలో పోయేవారు. ఆమెను పేరు పెట్టి పలకరించేవాడు కోదండం అనే బండి డ్రైవరు ఒక్కడే.

ఒక కార్తీకమాసంలో గాలివాన పట్టుకుంది. ఉదయానికే సముద్రం రేవుగోడ దాటి వీధుల్లోకి వచ్చింది. ఓడ ఒకటి లంగరు తెగి కొట్టుకువచ్చి వంతెనను గుద్దింది. వంతెన నడుమ విరిగి ఏట్లో పడిపోయింది. రేవు చుట్టూ ఉన్న రేవుపేట వారికి మిగిలిన దిక్కు కొండ ఒక్కటే. యంత్రశాల కొండ మీద ఉన్నందున కరెంటు ఇంకా పోలేదు. కోదండం, మరికొందరు డ్రైవర్లు బండ్లు తీసి జనాన్ని ఎక్కించుకోవడం మొదలుపెట్టారు.

దాలమ్మ గునపం పట్టుకుని మలుపులో నిలబడింది. నాలుక వంతెన వైపు వాలితే బండి తిన్నగా ఏట్లో పడుతుంది. మొదటి బండిలో కూతురిని, చంటిబిడ్డను ఎక్కించింది.

"నువ్వు కూడా రాయే అమ్మా," అంది సీతాలు.

"నానొస్తే ఇది ఎవులు పడతారు? ఆకరి బండికొచ్చెత్తాను. పిల్లకి సెవులు కప్పు, గాలి కొడతంది," అంది దాలమ్మ.

బండి తరువాత బండి కొండకు ఎక్కింది. నీరు మోకాళ్లకు, ఆపైన నడుముకు వచ్చింది. ఇసుకా గవ్వలూ చేరి నాలుక మొరాయించసాగింది. బరువంతా వేసి నెట్టవలసి వచ్చింది. గునపం రాపిడికి ఆమె అరచేతులు చీలి నెత్తురు కారింది. తడిసిన పట్టాల మీద ఎక్కుడు మొదట్లో బండి ఆగితే చక్రాలు జారి మళ్లీ కదలదు. అందువల్ల ఏ డ్రైవరూ ఆమె దగ్గర బండి ఆపలేకపోయాడు.

చివరి బండి కోదండానిది. రేవుపేటలో మిగిలినవారంతా అందులో ఉన్నారు. మెట్ల మీద కూడా వేలాడుతున్నారు. బండి నెమ్మదిగా మలుపు దగ్గరకు వచ్చేసరికి నీరు దాలమ్మ రొమ్ముల దాకా ఉంది. ఆమె తల ఎత్తి బండిలోని వారిని చూసి అడిగింది.

"ఒక్కలు దిగండి బాబూ. నా సేతులు పట్టు తప్పిపోతన్నాయి. ఇద్దరుంటే ఒకలినొకలు పట్టుకుని గట్టెక్కీగలం."

ఆమె అరవలేదు. మామూలుగానే అడిగింది. మెట్టు చివర వేలాడుతున్నవాడు రేవులో కిరసనాయిలు కొట్టు నడిపే కనకయ్య. చేయి చాపితే ఆమె భుజం అందేది. అతను వెనక్కు జరిగాడు. లోపలివారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ దిగలేదు. దాలమ్మ గునపం మీద ఒరిగి, కళ్లు మూసుకుని, బండి పొడవంతా దాటేవరకు నాలుకను పట్టే ఉంది. బండి కొండ వాలు ఎక్కాక కోదండం వెనుదిరిగి చూశాడు. మలుపులో నీళ్లు తప్ప మరేమీ లేవు.

కొండ మీద సీతాలు బిడ్డను కొంగులో చుట్టుకుని వచ్చిన ప్రతి బండి దగ్గరకూ వెళ్లి చూస్తోంది. చివరి బండి దిగినవారు ఆమె పక్క నుంచి తల వంచుకుని పోయారు.

"మా అమ్మేది?" అని ఆమె కోదండాన్ని అడిగింది.

"ఒకరు దిగమని అడిగింది తల్లీ. ఎవరూ దిగలేదు. నేను బండి ఆపలేదు," అన్నాడు కోదండం.

"బండిలో శానామంది ఉన్నారా?"

"నిండా ఉన్నారు."

సీతాలు బిడ్డ చెవుల మీదికి కొంగు లాగింది.

నీరు తీశాక రేవుపేట నేలమట్టమై కనిపించింది. దాలమ్మ శరీరం దొరకలేదు. సున్నానికి గవ్వలు ఏరుకునే ఆడవాళ్లు మలుపు దగ్గర ఇసుక తవ్వుతుండగా గునపం బయటపడింది. అది నాలుక పక్కన నేలలోకి దిగబడి నిటారుగా నిలిచి ఉంది. మనుషులు లాగారు, రాలేదు. కంపెనీ వారు గొలుసు కట్టి లాగించారు. గొలుసే తెగింది.

దారులు బాగుచేసి కంపెనీ వారు బండ్లు తిరిగి నడిపిన రోజున ఇంకొక వింత జరిగింది. కోదండం నడిపిన తొలి బండి మలుపు దగ్గరకు వచ్చి ఆగిపోయింది. తీగలో కరెంటు ఉంది, యంత్రంలో లోపం లేదు, చక్రం మాత్రం కదలలేదు. మరుసటి రోజూ అంతే. ఇంజనీర్లు పట్టాలు పీకి మళ్లీ వేశారు. అయినా ఏ బండీ ఆ మలుపు దాటలేదు.

అప్పుడు కోదండానికి కలలో దాలమ్మ కనిపించింది. ఆయుధాలు లేవు, కిరీటం లేదు. తడిచీరతో వణుకుతూ గునపం పట్టుకుని ఉంది. "అలిసిపోనాను కోదండం. ఇంకా ఎవులూ దిగనేదు," అని మాత్రం అంది. అతను తెల్లవారగానే సీతాలు దగ్గరకు వెళ్లి కల చెప్పాడు. ఊరి పెద్దలూ వెంట వచ్చారు. అమ్మవారి కోపం చల్లారడానికి గుడి కడతామని, వెండి విగ్రహం చేయిస్తామని అన్నారు.

"మా అమ్మకి కోపం నేదు. సలేస్తంది," అంది సీతాలు. "బొమ్మ వొద్దు. గుడి మీ ఇష్టం. అది అడిగిందేటో మీ అందరికీ తెలుసు కదా. అది సెయ్యండి."

ఆ రోజు రేవుపేట వారంతా బండి ఎక్కారు. మలుపు దగ్గర బండి ఆగింది. చాలాసేపు ఎవరూ కదలలేదు. చివరకు కనకయ్య మెట్టు దిగి వచ్చాడు. రెండు చేతులతో గునపం పట్టుకుని, "దిగాను తల్లీ," అన్నాడు. బండి కదిలి కొండ ఎక్కింది. కనకయ్య అక్కడే నిలబడి ఏడ్చాడు. ఆనాటి నుంచి ఆయన కొట్టు వదిలి, అమ్మవారికి గంజి కాచి పెడుతూ ఆ మలుపులోనే బతికాడు. చనిపోయేవరకు మళ్లీ ట్రాం ఎక్కలేదు. ఊరివారు గునపం చుట్టూ స్తంభాలు నిలిపి కప్పు వేశారు. సీతాలు తొలి అర్చకురాలు అయింది. నేటికీ ఆమె వంశపు ఆడపడుచులే పూజ చేస్తున్నారు.

తరువాతి కాలంలో కంపెనీ పోయి ట్రాం నగరపాలన కిందికి వచ్చింది. ఉప్పుటేటి మీద ఉక్కువంతెన కట్టారు. ఉత్తరాన జాలరిపేటకు, దక్షిణాన ఉప్పుమడులకు, దీపస్తంభం దాకా దారులు వేశారు. ఇంజనీర్లు ఎన్ని పటాలు గీసినా జనం ఒక్క షరతు పెట్టారు. ప్రతి దారీ అమ్మవారి మలుపు మీదుగానే పోవాలి. అందుకే ఈ నగరంలో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లినా బండి ఒకసారి ఇక్కడికి వస్తుంది.

ఇప్పుడు నాలుకలు మీట నొక్కితే కరెంటుతో కదులుతాయి. అయినా ప్రతి బండీ అమ్మవారి ముందు ఆగుతుంది. ఒకరు దిగుతారు. గునపం మీద చేయి వేసి, తాము వచ్చిన బండి వెళ్లిపోయేదాకా నిలబడి, తరువాతి బండి కోసం చూస్తారు. అందులో నుంచి మరొకరు దిగి చేయి వేశాకే తాము ఎక్కుతారు. తొందర పనులున్న గుమస్తాలూ దిగుతారు, బుట్టలతో చేపలమ్మే వారూ దిగుతారు. ఎవరూ దిగకపోతే డ్రైవరు గంట కొట్టడు, కసురుకోడు, ఊరికే కూర్చుంటాడు. పరాయి ఊరి యాత్రికులు ఇది గమనించి తామూ దిగడం పుణ్యం.

ఈ తల్లి సంతానం ఇస్తుందని గాని, సిరులు కురిపిస్తుందని గాని ఇక్కడివారు చెప్పరు. గునపం పట్టుకున్నవారు తమ కష్టకాలంలో పిలిస్తే ఎవరో ఒకరు వస్తారని నమ్ముతారు. కార్తీకంలో సముద్రం పొంగే రోజుల్లో బండ్లన్నీ నిలిపివేస్తారు. ఆ రోజుల్లో మాత్రం రేవుపేట వారు నడిచి వచ్చి, వానలో తడుస్తూ, వంతుల ప్రకారం గునపం పట్టుకుని నిలబడతారు. అమ్మవారు ఒంటరిగా ఉండకూడదు.