చెయ్యని ల్యాబుకు వచ్చిన క్రెడిట్లు

కాకినాడ కాలేజీకి రెండో ఏడాదిలో మారి వచ్చిన హేమచంద్రకు, తెలియనిది తెలియదని ఒప్పుకోవడమంటే చచ్చేంత నామోషీగా ఉండేది.

అతని పాత కాలేజీలో చేరగానే ఒక స్థాయి పరీక్ష పెట్టేవారు. అందులో నెగ్గినవాళ్లు మొదటి ఏడాది కెమిస్ట్రీ చదవనక్కర్లేదు, ఆ సబ్జెక్టు పాసైనట్టు క్రెడిట్లు మాత్రం వచ్చేస్తాయి. హేమచంద్ర గైడు బట్టీపట్టి గట్టెక్కాడు. ల్యాబు గడప తొక్కనే లేదు.

కొత్త కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే వైదేహి మేడమ్ అతన్ని పిలిచింది.

"మీ కాలేజీ ఇచ్చిన క్రెడిట్లు మేమూ ఒప్పుకుంటాం బాబూ. నేరుగా రెండో ఏడాది ల్యాబుకు రావచ్చు. కానీ ప్రాక్టికల్స్ చేశావా? చెయ్యకపోతే చెప్పు, ఫర్వాలేదు. ఈ ఒక్క సబ్జెక్టూ మొదటి ఏడాది వాళ్లతో కలిసి చేద్దువుగాని" అంది.

జూనియర్ల పక్కన నిలబడాలా! ఆ ఊహకే అతనికి తల కొట్టేసినట్టయింది. "అన్నీ చేశాను మేడమ్" అన్నాడు తడుముకోకుండా.

మర్నాడే ల్యాబు. అతనికి జతగా సలోమి అనే అమ్మాయిని వేశారు. "నేను గొట్టాలు కడిగి తెస్తా. నువ్వీలోగా సల్ఫ్యూరిక్ యాసిడ్ పల్చన చేసి ఉంచు. చేశావుగా ఇదివరకు?" అంది సలోమి.

"అదెంత పని!" అన్నాడు హేమచంద్ర.

ఆమె అటు తిరగగానే ఇతనికి చెమటలు పట్టాయి. యాసిడ్ ముందా, నీళ్లు ముందా? గైడులో ఎక్కడో చదివాడు, ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. అడుగుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. వాళ్లు నవ్వింది ఇతన్ని చూసి కాదు. అయినా నోరు మూసుకున్నాడు. బీకరులో యాసిడ్ పోసి, దాని మీద నీళ్లు వంచాడు.

"ఆగు!" అని అరుస్తూ వచ్చి సలోమి అతన్ని పక్కకు నెట్టేసింది. బీకరు బుస్సుమంది. అతని ముఖం మీద పడాల్సిన యాసిడ్ ఆమె కుడిచేతి మీద పడింది.

మేడమ్ పరుగున వచ్చి ఆ చేతిని కుళాయి కింద పెట్టింది. సలోమి పళ్లు బిగబట్టి ఏడుస్తోంది.

"నీళ్లలోకి యాసిడ్ పొయ్యాలి గానీ, యాసిడ్‌లో నీళ్లు పోస్తారటయ్యా?" అంది మేడమ్.

"నేనెప్పుడూ ల్యాబు చెయ్యలేదు మేడమ్. నిన్న మీతో అబద్ధం చెప్పాను" అన్నాడతను.

సలోమి తలెత్తి చూసింది. "ఆ ముక్క ఇందాక నాతో అంటే, నేనే చూపించేదాన్ని కదా!" అంది.

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆ వారమే హేమచంద్ర తనంతట తాను ఆ క్రెడిట్లు వదులుకుని జూనియర్ల ల్యాబులో చేరాడు. అక్కడ అతన్ని చూసి ఎవరూ నవ్వలేదు. సలోమి చెయ్యి మానింది గానీ, మచ్చ ఉండిపోయింది.

నీతి: రాని పని వచ్చునని చెప్పుకుంటే, ఆ అబద్ధానికి దెబ్బ పక్కవాళ్లు తినాల్సి వస్తుంది.