పేరిందేవమ్మ రెక్క కింద దున్నపిల్ల

అనగనగా ఒక అడవి. పొద్దున్నే తల్లులందరూ మేతకు పోతే అక్కడ పిల్లల్ని ఎవరు చూడాలి?

"నేనున్నాగా!" అంది అడవికోడి పేరిందేవమ్మ. "మూడుసార్లు పొదిగినదాన్ని. ఆ పిల్లల్లో సగం ఇప్పుడు నన్ను చూస్తే పక్కదారి పడతాయనుకోండి. అయినా పెంపకమంటే నాదే!"

మొదటిరోజు దున్నపిల్ల, కోతిపిల్ల, కొంగపిల్ల వచ్చాయి. కునుకు వేళయింది. పసిపిల్లలు పడుకోవాలంటే రెక్క కింద దూరాలి. పేరిందేవమ్మకు తెలిసిన పద్ధతి అదొక్కటే.

దున్నపిల్ల బురదలోకి పరిగెత్తింది. "ఛీ, ఇదేం అలవాటు!" అని శుభ్రంగా కడిగి, రెక్క కింద కుక్కింది. ముక్కు మాత్రమే పట్టింది. ఈక గుచ్చుకుని అది హాచ్చిమని తుమ్మితే, పేరిందేవమ్మ వెళ్లి తుప్పల్లో పడింది.

కోతిపిల్ల వచ్చి ఆవిడ పొట్టకు కరుచుకుంది. "వదలవే, చక్కిలిగిలి!" అని పీకి పక్కన పెట్టింది.

కొంగపిల్ల ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసింది. "రెండో కాలేదిరా నాయనా? దించు!" అని లాగింది.

మూడూ రాగం అందుకున్నాయి. సాయంత్రం దాకా ఒక్కటీ రెప్ప వాల్చలేదు. అలసిపోయిన దున్నపిల్ల, తల్లి వచ్చినా పాలు ముట్టలేదు.

దున్నతల్లి కళ్లనీళ్లు పెట్టుకుంది. "రేపట్నుంచి మేతకు పోనత్తా. మేయకపోతే నా పాలెండిపోతాయి. అయినా వీణ్ణిలా ఎలా వదలను?"

గొంతు దాకా వచ్చిన ఉపన్యాసాన్ని పేరిందేవమ్మ మింగేసింది.

"పోనీ, మీ ఇంట్లో ఎలా పడుకోబెడతారో చెప్పమ్మాయ్."

"ఒంటికి బురద పూసి పక్కన ఆనుకుంటా. బురదుంటే ఈగలు కుట్టవు."

"మావాడికి పట్టుకోను పొట్ట కావాలి" అంది కోతి.

"మావాడి పక్కన నేనూ ఒంటికాలి మీదే" అంది కొంగ.

మర్నాడు ధైర్యం చేసి మేతకు పోయినా దున్నతల్లికి గడ్డి సయించలేదు. మధ్యాహ్నమే పరిగెత్తుకొచ్చింది. చూస్తే కోడి లేదు. ఒక బురదముద్ద ఒంటికాలి మీద నిలబడి ఉంది. దాని పొట్టకు కోతిపిల్ల. ఒక పక్క కొంగపిల్ల. ఇంకో పక్క ఆనుకుని దున్నపిల్ల గుర్రు.

"అయ్యో, మా అత్తేదీ?"

"ష్! నేనేనే" అంది బురదముద్ద.

దున్నతల్లి నవ్వాపుకుంది. "అయితే ఇంకాసేపు మేసొస్తానత్తా."

"నిదానంగా మేసి రా. పోయేముందు నా ముక్కు మీద ఈగను తోలిపో తల్లీ. నాకు కాలూ రెక్కా ఖాళీ లేవు!"

నీతి: ఎవరింటి పసిబిడ్డనైనా ఒడిలోకి తీసుకునే ముందు, వాళ్లమ్మ ఎలా ఎత్తుకుంటుందో అడగాలి. అడిగితే ఈకలేం రాలిపోవు.