తూములోంచి వచ్చిన నేస్తం

కొండ కింద నీళ్లు పారడం మానేసిన పాత తూము ఒకటుంది. ఈ గట్టున నోరు పెట్టి మాట్లాడితే ఆ గట్టున ఖంగుమని వినిపిస్తుంది. పెద్దలకు దాంతో పనిలేదు గానీ, అడవిలో పిల్లకాయలంతా తెల్లారితే చాలు, అక్కడే. ఉడతల గొప్పలు, కోతుల వెక్కిరింపులు అన్నీ అందులోంచే. తప్పేం లేదు, ఆ వయసులో కబుర్లు కాక మరేం చెప్పుకుంటారు? చిక్కల్లా ఒకటే. గొంతు వినబడుతుంది, మొహం కనబడదు.

చివురు అనే కుందేలుపిల్లకు ఆ తూములోనే మెరుపు పరిచయమైంది.

"నేనూ కుందేలునే, నీ ఈడుదాన్నే. మా ఇంట్లో నన్నెవరూ పట్టించుకోరు. నీతో మాట్లాడితే ప్రాణం లేచొస్తుంది," అంది అవతలి గొంతు.

చివురు మురిసిపోయింది. ఇంట్లో అమ్మకేమో ఎంతసేపూ కళ్లు తెరవని పసికూనల గోలే. తన మాట వినేదెవరు? మెరుపు మాత్రం ఓపిగ్గా వినేది.

"మీ గూడెక్కడే?" అని అడిగింది ఒకరోజు.

"రేగుపొద పక్కన."

"పసివాళ్ల దగ్గర మీ అమ్మ ఉండదా?"

"పొద్దున్నే పాలిచ్చి, గూటి మూతికి మట్టి కప్పి వెళ్లిపోతుంది. మాలో అంతేగా."

"అంతే, అంతే. మనం మాట్లాడుకునేది ఇంట్లో అనకు. కుళ్లుకుంటారు."

ఆ చివరి మాట చివురుకు ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రానికి ఉండబట్టలేక అమ్మమ్మ దగ్గర చెవులు వాల్చి కూర్చుని అంతా చెప్పేసింది.

అమ్మమ్మ గరిక నమలడం ఆపింది.

"తిడతావా?" అంది చివురు.

"తిడితే ఇంకోసారి చెప్పవుగా. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ముందు పసివాళ్లను నా బొరియలోకి తెద్దాం. ఆ మెరుపు సంగతి తర్వాత చూద్దాం."

చివురు వాళ్లమ్మ పిల్లల్ని తరలించింది. మర్నాడు అమ్మమ్మ కూడా తూము దగ్గరికొచ్చి, చివురు చెవిలో ఒక ప్రశ్న ఊదింది. చివురు దాన్నే తూములో అడిగింది.

"మెరుపూ, పొద్దున లేవగానే నువ్వేం తింటావే?"

"ఇంకేముంది, లేత గరిక," అంది మెరుపు ఠక్కున.

కుందేళ్ల ఇంటిగుట్టు ఒకటి చెప్తాను, మొహం చిట్లించకండి. తెల్లవారుజామున అవి తమ మెత్తటి పెంటికలే ముందు తింటాయి. ఒంటికి మంచిదట. నలుగురిలో చెప్పుకునే సంగతి కాదు గనక బయటివాళ్లకు తెలియదు.

"అది కుందేలు కాదమ్మమ్మా," అంది చివురు. నేస్తం పోయినందుకన్నా, అసలు నేస్తమే లేనందుకు ఎక్కువ ఏడుపొచ్చింది. అమ్మమ్మ దాన్ని దగ్గరికి తీసుకుని, ఏడుపు ఆగేదాకా వీపు నిమిరింది.

ఆ తర్వాత అమ్మమ్మ, ఏదుపంది శూలయ్య ఇంటికి వెళ్లింది.

"ఏమయ్యా, ఇల్లు వెతుకుతున్నావటగా? రేగుపొద పక్కన మా గూడు ఖాళీ. కాస్త తవ్వుకుంటే నీకు సరిపోతుంది. ఒకటే షరతు, రేపు చుట్టమొస్తే మర్యాద చెయ్యాలి."

"నా మర్యాద సంగతి తెలిసిందేగా," అన్నాడు శూలయ్య. మెరుపు తూములో పలికిన మాటలన్నీ అమ్మమ్మ అతనికి పూసగుచ్చినట్టు చెప్పింది.

మర్నాడు తల్లికుందేలు వెళ్లిపోయే వేళ చూసుకుని రేగుపొద దగ్గరికి మెరుపు వచ్చింది. తోక చూస్తే గుంటనక్క. మూతి దగ్గర మట్టి తోసి, "పాపల్లారా, నేను మీ అక్కను," అంది.

చీకట్లోంచి సన్నటి గొంతు పలికింది. "నేనూ కుందేలునే, నీ ఈడువాణ్ణే. మొహం కనబడటం లేదు, లోపలికి రా నేస్తం."

ఆకలి మీదున్న నక్క తన మాటలే తనకు వినబడుతున్నాయని కూడా గమనించలేదు. మూతి దూర్చింది. శూలయ్య అటు తిరిగి ముళ్లు విప్పాడు. ఆ కేక తూము లేకుండానే కొండ అవతలిదాకా వినిపించింది.

చివురు తూము మానలేదు. ఎందుకు మానాలి? ఉడతలూ కోతులూ ఇంకా అక్కడే ఉన్నాయి. మొన్న ఎవరిదో కొత్త గొంతు, "మీ ఇల్లెక్కడ?" అని అడిగింది.

"మా అమ్మమ్మను తీసుకొస్తా, నువ్వే గట్టు మీదికొచ్చి కనబడు," అంది చివురు.

అవతల ఎండుటాకులు తొక్కుకుంటూ ఎవరో పరుగెత్తిన చప్పుడైంది.

మొహం చూపనివాడికి ఇంటి దారి చెప్పకు. నోరు జారి చెప్పినా, ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆలస్యం చెయ్యకు.