కొత్వాలు వాకిట్లో ఊరు

నందికొలను రాజు ప్రతాపభూపతికి సొమ్ము మంజూరు చేయడమంటే మహా సరదా. ఆ సొమ్ము ఏమైందో చూడటమంటే మహా బద్ధకం. దొంగతనాలు అరికట్టమని పోయినేడు కొత్వాలు రణరంగప్పకు ఐదువేల వరహాలు ఇచ్చారు. ఈ ఏడు దొంగతనాలు రెట్టింపయ్యాయి. రాజుగారు నిండుసభలో తీవ్రంగా ఆలోచించి, మంజూరు కూడా రెట్టింపు చేస్తామన్నారు!

రణరంగప్ప మీసం దువ్వుకుంటూ లేచాడు.

"మహాప్రభూ! పోయినేటి సొమ్ముతో నలభైమంది భటులను పెట్టాం. పన్నెండు వేటకుక్కలను కొన్నాం. ఇనుప తలుపులు చేయించాం. అవి ఉన్నచోట చీమ కూడా దూరలేదు!"

"మరి సాలెవీధిలో చీరలు ఎలా పోయాయయ్యా?" అన్నారు రాజుగారు.

"అదంతా తలారి ఎంగన్న నిర్వాకం ప్రభూ. సొత్తు పోయి దొంగ దొరక్కపోతే కాపలావాడే నష్టం పూడ్చాలని మన ఊరి కట్టడి ఉందిగా? రేపు సాయంత్రం వాడి గేదెనూ గుడిసెనూ వేలం వేయిస్తాను."

ఎంగన్న ఓ మూల నిలబడి ఉన్నాడు. పదకొండు వీధులకు అతనొక్కడే కాపలా. ప్రభుత్వం అతనికిచ్చిన ఆయుధం ఒక కర్ర, అదీ చీలింది. దానికే ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

సింహాసనం వెనక తాంబూలప్పెట్టె పట్టుకుని నిలబడ్డ ఓబన్నకు కడుపు మండిపోయింది. ఆ కుక్కలు ఎక్కడ మొరుగుతున్నాయో అతనికి తెలుసు. కానీ రాజుగారికి ఆకులు చుట్టి ఇచ్చేవాడు కొత్వాలును దొంగంటే మెడ మీద తల నిలుస్తుందా? అందుకని గొంతులో తేనె పోసుకున్నాడు.

"ప్రభూ! అంత గట్టి కాపలా ఉందని పాపం జనానికి తెలియదు. చీమ దూరని ఆ చోట ఎవరి సొత్తు వాళ్ళు దాచుకోవచ్చని దండోరా వేయిస్తే, కొత్వాలుగారి ప్రతిభ ఊరంతా చూస్తుంది కదా?"

రణరంగప్ప ఉబ్బిపోయాడు. పొగడ్త వినబడితే ఆయనకు ఇంకేదీ వినబడదు.

"వేయించండి ప్రభూ!" అన్నాడు.

దండోరా పడింది. ఆ చోటు ఎక్కడో అందులో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. రాజుగారికి తప్ప ఊళ్ళో అందరికీ తెలుసు.

తెల్లారేసరికి రణరంగప్ప కొత్త మేడ ముందు ఇసుక వేస్తే రాలని జనం! సాలెవాళ్ళు మగ్గాలు మోసుకొచ్చారు. తెలుకలవాడు గానుగెద్దును తోలుకొచ్చాడు. పెళ్ళివారు సారె పెట్టెలు దించారు. ఓ ముసలమ్మ గంపెడు కోళ్ళను తెచ్చి, ఏకంగా కొత్వాలు పడకగదిలో వదిలింది. కోళ్ళను చూసి పన్నెండు వేటకుక్కలూ గొలుసులు తెంపుకున్నాయి. నలభైమంది భటులూ వాటి వెంట పరుగెత్తారు.

ఆ గోల కోటదాకా వినబడితే రాజుగారు పల్లకీలో దిగారు, వెనకే ఓబన్న. ఇనుప తలుపులు పట్టుకుని వేలాడుతూ రణరంగప్ప గావుకేక పెట్టాడు.

"మహాప్రభో! వీళ్ళను వెళ్ళగొట్టించండి! ఇది నా ఇల్లు!"

రాజుగారు భటులను చూశారు, కుక్కలను చూశారు, తలుపులను చూశారు.

"ఏమోయ్ ఓబన్నా, ఈయన ఇంటికి వీళ్ళెందుకు వచ్చారు?"

ఓబన్న చేతులు కట్టుకున్నాడు.

"ఇల్లు కొత్వాలుగారిదే ప్రభూ. కాపలా మాత్రం ఊరిది. కాపలా ఊళ్ళోకి రాలేదని, ఊరే కాపలా దగ్గరికి వచ్చింది!"

జనం గొల్లుమన్నారు. మొదట సిగ్గుపడి, ఆ తరవాత ఆపుకోలేక రాజుగారూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వు ఆగాక అడిగారు.

"రణరంగప్పా, నష్టం కాపలావాడే పూడ్చాలన్నావు కదూ? నలభైమందిని ఇంట్లో పెట్టుకున్నవాడు కాపలావాడా, చీలిన కర్ర పట్టుకున్నవాడా?"

కొత్వాలు ఇనుప తలుపులు వదిలేసి తల దించుకున్నాడు.

సాలెవీధి చీరల నష్టం ఆయన మేడ అమ్మి కట్టాలని అక్కడికక్కడే ఉత్తర్వు అయింది. భటులూ కుక్కలూ ఎంగన్న చేతికిందికి వచ్చారు. రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి ఓబన్న మెడలో వేశారు. ఎంగన్న కర్ర పారేసి, అందరి ముందూ ఓబన్నను గట్టిగా కావలించుకుని ఏడ్చేశాడు.