బొరుగుల చాయ్

గుట్ట మీది దర్గాకు మౌలాలి వచ్చింది దేవుడి కోసం. వచ్చి పద్నాలుగు నెలలైంది. ఇప్పటిదాకా వాడికి దొరికింది మాత్రం చాయ్ పొయ్యి.

ఆ దర్గాలో ఒక పద్ధతి ఉంది. ఫకీరు హుసేనప్ప తాత దగ్గర శిష్యుడిగా చేరినవాడికి, తాత ఏదో ఒకరోజు చెవిలో ఒక మాట చెబుతాడు. బతికినంతకాలం వాడికి అదే జపం. ఆ రోజు వచ్చేదాకా వాడు దర్గాకు వచ్చేపోయేవాళ్ళకు చాయ్ కాచి ఇవ్వాలి. ఎన్నాళ్ళు అని అడిగితే తాత గడ్డం నిమురుకుంటాడు. అంతే.

మౌలాలికి ఇరవై రెండేళ్ళు. ఆ రోజు ఎట్లా ఉంటుందో వాడు రోజూ ఊహించుకునేవాడు. సాంబ్రాణి పొగ కమ్ముకొని ఉంటుంది. గుమ్మటం మీది పావురాలు ఒక్కసారిగా లేస్తాయి. తాత వంగి, వెచ్చటి ఊపిరి చెవికి తగిలేటట్టు ఆ మాట చెబుతాడు. తన కళ్ళలోంచి నీళ్ళు జలజలా రాలుతాయి.

నీళ్ళు ఇప్పుడూ రాలుతున్నాయి. పచ్చికట్టెల పొగకు.

పొగనైనా ఓర్చుకోవచ్చు. మనుషులనే ఓర్చుకోలేం. దర్గాకు జనం ముసిరే గురువారం వస్తుందంటే చాలు, బుధవారం నుంచే మౌలాలికి తలనొప్పి.

రిటైరైన బస్సు కండక్టరు ఓబులేసుకు చాయ్ నాలుక కాలేంత వేడిగా ఉండాలి. కాస్త తగ్గితే, "ఏంరా ఇది, స్నానానికి తోడినావా?" అని వెనక్కి పంపుతాడు. సరేనని మళ్ళీ మరగబెట్టి ఇస్తే, సాసర్లో పోసుకొని ఉఫ్ ఉఫ్ మంటూ పావుగంట ఊదుతాడు. ఊదుకొని తాగేవాడికి అంత వేడి ఎందుకో!

బీబమ్మవ్వకు బెల్లం చాయ్. పాలు వేరే గ్లాసులో ఇవ్వాలి, తనే కలుపుకుంటుంది. మౌలాలి కలిపి ఇస్తే "రంగు చెడింది నాయనా" అంటుంది. సుబ్బన్న మేష్టరుకు షుగరు. చాయ్‌లో చక్కెర పలుకు కూడా పడకూడదు. అందులో ముంచుకొని తినేది మాత్రం క్రీము బిస్కెట్లు, నాలుగు!

ఆ గురువారం మౌలాలి ఓపిక అయిపోయింది. పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి అందరికీ కలిపి ఒకటే చాయ్ కాచేశాడు. దానికి మనసులో ఒక సమాధానం కూడా తయారుచేసుకున్నాడు. దేవుడి ముందు అందరూ ఒకటే అని తాతే కదా చెప్పేది, మరి పొయ్యి ముందు మాత్రం వేరువేరెందుకు? ఆ ఆలోచన వాడికి ఎంత నచ్చిందంటే, తాత వింటే మురిసిపోయి ఈ రోజే మాట చెప్పేస్తాడేమో అనిపించింది.

ఓబులేసు గ్లాసును వేలితో తాకి చూసి కింద పెట్టాడు.

"చెయ్యి కూడా కాలలేదే."

"ఓబులేసు మామా, ఈ పొద్దు నుంచి అందరికీ ఒకటే చాయ్."

"ఎవరు పెట్టినారు ఈ రూలు?"

"నేనే."

"నువ్వేమన్నా డిపో మేనేజరువా?"

మేష్టరు ఒక గుక్క తాగి, మొహం అదోలా పెట్టి, బిస్కెట్లు మళ్ళీ పొట్లంలో చుట్టుకున్నాడు. బీబమ్మవ్వ అసలు తాగనే లేదు. "ఎందుకులే నాయనా, ఈ పొద్దు నువ్వు బాగా అలిసినట్టుండావు" అని గ్లాసు పక్కన పెట్టి, మేష్టరు వెనకే గుట్ట దిగిపోయింది. తిట్టినా బాగుండేది. ఓబులేసు మాత్రం పోలేదు. మూతి ముడుచుకొని మెట్టు మీద కూర్చొని టవలుతో విసురుకుంటున్నాడు.

హుసేనప్ప తాత తన చాయ్ అడుగుదాకా తాగి గ్లాసు బోర్లించాడు. బాగుందనలేదు, బాగలేదనలేదు.

మౌలాలికి ఒళ్ళు మండింది. గదిలోకి పోయి రెండు చొక్కాలు, ఒక లుంగీ మూట కట్టుకొని, చంకలో పెట్టుకొని తాత ముందు నిలబడ్డాడు.

"తాతా, నేను దేవుడి కోసం వచ్చినా, హోటలు నడిపేదానికి కాదు. ఒకరికి వేడి చాలదు, ఒకరికి రంగు చాలదు. వీళ్ళ నాలుకలకు సేవ చేస్తే నాకేం దొరుకుతుంది? చెప్పేదుంటే ఆ మాట ఇప్పుడే చెప్పు. లేకుంటే మూడు గంటల బస్సుకు పోతా."

తాత ఎండ వైపు చూశాడు. "బస్సుకు ఇంకా టైముంది. చాయ్ తాగి పో."

"నాకొద్దు."

"నువ్వు కాచింది కాదులే, భయపడాకు."

తాత మోకాళ్ళు పట్టుకొని లేచి పొయ్యి దగ్గరికి పోయాడు. ఊదుగొట్టం వెతికాడు, దొరకలేదు. వంగి నోటితోనే ఊదాడు. ఆ నిదానం చూసి మౌలాలి పళ్ళు పటపటా కొరికాడు. అరగంట పట్టేటట్టుంది! సాయం చేద్దామని కాలు ముందుకు పడింది, రోషం వెనక్కి లాగింది.

చివరికి తాత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఒక చేతిలో గ్లాసు. పాలు ఎక్కువ, డికాక్షన్ తక్కువ, పైన కొంచెం మీగడ. రెండో చెయ్యి పిడికిలి బిగించి ఉంది. గ్లాసు వాడి ముందు పెట్టి, తాత ఆ పిడికిలి గ్లాసు మీద విప్పాడు.

బొరుగులు. చాయ్‌లో పడి చుర్రుమన్నాయి.

మౌలాలి గ్లాసు ముందు చతికిలబడ్డాడు. చిన్నప్పుడు అమ్మ అట్లా ఇచ్చేది. అమ్మ చనిపోయి ఇక్కడికి వచ్చినాక కూడా, రోజూ జనం వెళ్ళిపోయాక వంటింటి గోడ వెనక కూర్చొని ఒక్కడే అట్లా తినేవాడు. ఫకీరు కావాలనుకునేవాడు చాయ్‌లో బొరుగులు నానబెట్టుకొని తింటాడంటే ఎవరైనా నవ్వుతారని, ఎవరికీ చెప్పలేదు.

తాత చెంచా అందించాడు. "బిన్నా తిను, ఆలస్యం చేయాకు. మెత్తబడితే నీకు నచ్చవు కదా."

"నీకెవరు చెప్పినారు తాతా?"

"ఎవరు చెప్తారు? రోజూ ఆ గోడ వెనకాలే పిచ్చుకలు వాలుతాయి ఎందుకా అని ఒకరోజు పోయి చూసినా."

మౌలాలి తిన్నాడు. చంకలోని మూట ఎప్పుడు కింద పడిందో వాడికి తెలియదు. గ్లాసు అడుగున మిగిలిన చివరి బొరుగును వేలితో తీసుకొని తిన్నాక, తల ఎత్తకుండానే అడిగాడు.

"తాతా... ఆ మాట?"

"ఇట్ల రా."

మౌలాలి మోకాళ్ళ మీద దగ్గరికి జరిగాడు. సాంబ్రాణి పొగ లేదు. పావురాలు గుమ్మటం నీడలో కునుకుతున్నాయి. తాత వంగాడు. గడ్డం చెంపకు గుచ్చుకుంది. వెచ్చటి ఊపిరి చెవికి తగిలింది.

"ఓబులేసు ముప్పై ఏండ్లు బస్టాండుల్లో చాయ్ తాగినాడు. ఊదుకుందామంటే డ్రైవరు హారన్ కొట్టేటోడు. అందుకని ముప్పై ఏండ్లు చల్లార్చిన చాయే తాగినాడు. గ్లాసును ముందు మరిగే నీళ్ళలో ముంచు."

ఇంకేమైనా చెబుతాడేమోనని మౌలాలి చెవి అక్కడే ఉంచాడు.

"అంతేనా తాతా?"

"ముందు అది చేసి రా."

మౌలాలి లేచాడు. పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు. ఊదుగొట్టం వాడు రోజూ దాచిపెట్టే చోటే ఉంది. గ్లాసును మరిగే నీళ్ళలో ముంచి తీసి, బుడగలు లేస్తున్న చాయ్ అందులో పోసి, టవలుతో పట్టుకొని మెట్ల దగ్గరికి పరిగెత్తాడు.

ఓబులేసు గ్లాసును తాకి, చటుక్కున వేలు వెనక్కి లాక్కున్నాడు.

"అబ్బా! కాలింది రా!"

ఓబులేసు మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగింది. సాసర్లో పోసుకున్నాడు. ఒకసారి ఊదాడు. చాయ్ మీద చిన్న అల లేచింది. అది సద్దుమణిగేదాకా చూసి, మళ్ళీ ఊదాడు.

గుట్ట కింద రోడ్డు మీద మూడు గంటల బస్సు వచ్చి ఆగింది. గట్టిగా రెండుసార్లు హారన్ కొట్టింది.

ఓబులేసు తల ఎత్తలేదు. మూడోసారి ఊదాడు.

పక్క మెట్టు మీద కూర్చున్న మౌలాలి కూడా లేవలేదు.