ఆకు మాట అడిగిన వేళ

ఎర్రబండల కొండమీద మూడేళ్ళుగా సరైన వాన లేదు. ఆ ఎండాకాలం మోదుగలు ఆకులన్నీ రాల్చేసి కట్టెల్లా నిలబడ్డాయి. తుమ్మలు మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి ఆకులు ముడిచేసుకునేవి. బండ సందుల్లో రణపాల మొక్కలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. వాటిలోనూ తేడా లేకపోలేదు. నీడలో పెరిగిన ఆకులు వెడల్పుగా, పల్చగా ఉంటే, ఎండకి ఎదురు నిలబడ్డవి చిన్నవై, దళసరెక్కి, అంచులు ఎర్రబారిపోయాయి.

ఆ రణపాలల పక్కనే, ముళ్ళకంప కింద కుందేలు నాగులమ్మ కాపురం. ముగ్గురు పిల్లలు. ఆఖరిదాని పేరు చిట్టి. దానికి వెనక కాలు పుట్టుకతోనే అవిటిది.

కొండలో తడి పూర్తిగా ఆరిపోతే జంతువులన్నీ కిందికి దిగి, ఇరుకు కనుమ దాటి, రెండు రోజుల దూరంలో ఉన్న పెద్దవాగుకి పోవాలి. నాగులమ్మ చిన్నప్పుడు ఒకసారి అలా పోయారు. ఆ దారిలో ఆగిపోయిన చెల్లెలి కోసం వాళ్ళమ్మ వెనక్కి చూసుకుంటూ నడవడం ఆమెకి ఇప్పటికీ గుర్తే. చిట్టి ఆ దారి నడవలేదు. నాగులమ్మ భయమంతా అదే.

పోవాలా ఉండాలా అన్నది తేల్చడానికి ఆ కొండమీద ఒక పద్ధతి ఉంది. ఎండలు ముదిరాక దుప్పుల పెద్ద కొండప్ప అందరి ముందూ ఒక రణపాల ఆకు నమిలి చెబుతాడు. పుల్లగా ఉంటే ఉండిపోవచ్చు. చప్పగా ఉంటే బయల్దేరాలి. దీన్ని ఆకు మాట అడగడం అంటారు. తాతల కాలం నుంచీ పొద్దు పొడవకముందే అడిగేవాళ్ళు. ఆ వేళకే ఎందుకు అడగాలో మాత్రం ఎవరూ ఆలోచించేవాళ్ళు కాదు.

ఆ ఏడాది నక్క ఓబులయ్య కొండప్ప దగ్గరికి వెళ్ళి, ఎంతో మర్యాదగా కూర్చుని, ఆరోగ్యం అడిగాడు. ఈ వయసులో చీకట్లో బండలెక్కడం ఏమంత మంచిది, కాలు జారితే మాకు దిక్కెవరు, సాయంత్రం పెట్టుకుంటే పిల్లాజెల్లా కూడా వచ్చి వింటారు కదా అన్నాడు. కొండప్పకి నిజంగానే మోకాళ్ళ నొప్పులు. సరేనన్నాడు.

సాయంత్రం అందరూ చేరారు. కొండప్ప ఆకు తెంపి, కళ్ళు మూసుకుని నమిలాడు. చాలాసేపు నమిలి ఉమ్మేశాడు.

"చప్పగా ఉంది. ఎండుగడ్డి నయం."

ఎండవైపు ఆకులు ఎర్రబడినప్పుడే తనకి అనుమానం వచ్చిందనీ, అది మొక్కకి తగిలిన తెగులేననీ ఓబులయ్య దిగులుగా తలాడించాడు. కనుమ దారి తనకి కొట్టినపిండి కాబట్టి తెల్లారగానే ముందు నడిచి దారి చూపిస్తానన్నాడు.

అందరూ చెదిరిపోతుంటే నాగులమ్మ అతని దగ్గరికి వెళ్ళింది, కాస్త ఎడంగానే నిలబడి.

"చిట్టి నడవలేదు మామా."

"నేను లేనా అమ్మాయ్? వీపు మీద ఎక్కించుకుంటా."

"నీ వీపు మీదా?"

"అట్లా చూస్తావేం? ఇంత కరువులో కూడా పాతవన్నీ మనసులో పెట్టుకుంటారా ఎవరైనా?"

నాగులమ్మ ఇంకో రెండడుగులు వెనక్కి వేసి, పిల్లల దగ్గరికి వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున పిల్లల్ని లేపి, మళ్ళీ చూస్తామో లేదోనని రణపాల దగ్గర ఒక్క క్షణం ఆగింది. చివరిసారిగా ఒక ఆకు కొరికింది. పళ్ళు జివ్వుమన్నాయి. దవడలు బిగుసుకుపోయేంత పులుపు.

మరుక్షణం, నిన్న చిట్టి దిగులులో పడి మరిచిపోయిన సంగతి ఆమెకి గుర్తొచ్చింది. పోయిన చలికాలం ఓబులయ్య ఈ కంపకి అవతల కూర్చుని, ఏం తింటున్నావమ్మాయ్ అని ఊసుపోక అడిగినట్టు అడిగాడు. ఆమె కూడా ఊసుపోకే చెప్పింది. ఈ ఆకు భలే తమాషా మామా, పొద్దున్నే నోరు పులిసిపోతుంది, సాయంత్రానికి చప్పిడి అయిపోతుంది అని. అతను నవ్వి వెళ్ళిపోయాడు. మాంసం తినేవాడికి ఆకు రుచితో ఏం పని అని తనకి అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? పెద్దాయన నాలుక తప్పని అందరి ముందూ ఒక కుందేలు అనడమా? నోటితో ఒక ఆకు పట్టుకుని గుంపు మధ్యకి నడిచింది. దాన్ని ఓబులయ్య ముందు పెట్టింది.

"ఓబులయ్య మామా, ముందు నడిచేవాడివి నువ్వు. ఈ కొండ ఆకు ఒకటి నమిలి బయల్దేరు. మాకు ధైర్యం."

ఓబులయ్య ఆకు వైపు చూశాడు. అందరూ తనవైపే చూస్తున్నారు. రుచి ఎలా ఉన్నా చెప్పేది తన నోరే కదా అనుకున్నాడు కాబోలు, అందుకుని నమిలాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను ఆకు నమిలింది లేదు. ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయింది. మీసాలు వణికాయి. మూతి మెలిదిరిగి, చొంగ గడ్డం మీదికి కారింది.

"ఎట్లా ఉంది మామా?"

"చప్పగా," అన్నాడు ఓబులయ్య, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కొండప్ప నవ్వలేదు. మెల్లగా వెళ్ళి తనే ఇంకో ఆకు తెంపి నమిలాడు. నమిలినకొద్దీ అతని తల వంగిపోయింది.

నాగులమ్మ అప్పుడు అంతా చెప్పింది, ఆ రహస్యం నక్కకి అందించింది తనేనన్న సంగతితో సహా. వాళ్ళమ్మ చెప్పిన మాట కూడా చెప్పింది. ఈ మొక్క పగలు తలుపులు బిగించుకుంటుంది, లేకపోతే ఒంట్లో నీళ్ళన్నీ ఎండ తాగేస్తుంది. రాత్రి చల్లబడ్డాక తెరిచి, గాలి లోపలికి తీసుకుని, దాన్ని పులుపుగా దాచుకుంటుంది. పగలంతా తలుపులు మూసుకునే ఆ పులుపుతో వంట చేసుకుంటుంది. సాయంత్రానికి దాచింది అయిపోతుంది, అందుకే చప్పదనం. నీళ్ళు నిజంగా అడుగంటితే రాత్రి కూడా తలుపు తియ్యదు. అప్పుడు తెల్లవారుజామున కూడా పులుపు సరిగా ఉండదు. ఆకులు ఎర్రబడటం తెగులు కాదు, ఎండకి అది కట్టుకున్న గొడుగు.

"నాలుక సరిగ్గానే చెప్పింది," అన్నాడు కొండప్ప. "వేళ మార్చింది నేను. నా మోకాళ్ళ కోసం ఇంతమందిని కనుమలోకి తోలబోయాను." తర్వాత ఓబులయ్య వైపు తిరిగాడు. "దారి చూపిస్తానన్నావు. నడువు. మేం రావట్లేదు."

ఓబులయ్య ఒక్కడే దిగిపోయాడు. కనుమలో రెండు రోజులుగా మాటు వేసి, పస్తులతో ఎదురుచూస్తున్న అతని బావమరుదులు ఇద్దరూ, వస్తుందన్న విందేదని అడిగారట. ఏం చెప్పాడో తెలియదు. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళు మాత్రం కుడి చెవి సగమే ఉందన్నారు.

ఆకులో పులుపు ఉన్నంత మాత్రాన కరువు పోలేదు. వానలోపు ఒక ముసలి దుప్పి చనిపోయింది. మిగతావాళ్ళు మోదుగ చెట్ల కింద వేళ్ళు తవ్వుకుని, బండ చెలమలో నీళ్ళు వంతులవారీగా తాగి ఇరవై రెండు రోజులు నెట్టుకొచ్చారు. ఆ ఇరవై రెండు రోజులూ నాగులమ్మ వేకువనే ఒక ఆకు కొరికి, ముగ్గురు పిల్లల నోళ్ళలోనూ ఒక్కో ముక్క పెట్టేది. చిట్టి మొహం చిట్లించుకునేది. ఆ చిట్లింపు చూశాకే ఆమెకి ఊపిరి ఆడేది.

ఎవరి మాట అడగాలన్నా, వాళ్ళు చెప్పగలిగే వేళకి వెళ్ళి అడగాలి.